కుడికి కుందేలు, ఎడమకు కోడి

తొక్కుడుబిళ్ల ఆట మనందరికీ తెలుసు. చెన్నైలో దాన్ని పాండి అంటారు. ఢిల్లీలో స్టాపూ, కోల్‌కతాలో ఎక్కాదొక్కా. గళ్ళు అవే, గెంతడం అదే, గీత తొక్కితే అవుట్ అవడమూ అదే. మూడేళ్ళకో ఊరు మారే మనలాంటి పిల్లలకు ఇది మామూలే. కొత్త బడిలో ఆట పేరు తెలియక బిక్కమొహం వేస్తే పక్కవాళ్ళు కాసేపు నవ్వుతారు, రెండు రోజుల్లో మనమూ నేర్చేసుకుంటాం. అంతకు మించి నష్టం ఏమీ లేదు.

కానీ కొన్ని మాటలు అలాంటివి కావు. చెప్పిన మాట ఒకటై, విన్నవారికి అర్థమైంది మరొకటైతే వేల టన్నుల ఓడ రెండో వైపుకు తిరిగిపోతుంది. అలాంటి ఒక మాట కోసం మేము ముగ్గురం పోయిన ఏడాది నెలన్నర కష్టపడ్డాం. ఆ మాట రడ్డర్. తెలుగులో చుక్కాని. దాన్ని జపనీస్‌లో ఏమని రాయాలన్నది మా సమస్య.

మేము విశాఖపట్నంలో పదకొండో తరగతి చదువుతున్నాం. ముగ్గురిలో ఒకరి నాన్నగారు నేవీ ఓడలో పనిచేస్తారు. ఇంకొకరి నాన్నగారు నేవీలోనే విమానాల మెకానిక్. మూడోవారి అమ్మగారిది పోస్టల్ శాఖ. జపాన్‌లో ఒక ఓడరేవు ఊరి పాఠశాలతో మా బడికి ఉత్తరాల స్నేహం ఉంది. ఈసారి ఒకరికొకరం మా ఊరి గురించి బొమ్మల పలక తయారుచేసి పంపుకోవాలని అనుకున్నాం. మా ఊరంటే ఓడలూ విమానాలూ కదా! వాటి భాగాల బొమ్మలు వేసి, పక్కన ఇంగ్లీషు, హిందీ, తెలుగు, జపనీస్ పేర్లు రాయాలి. మొత్తం ఇరవై గడులు. పద్దెనిమిది గడులు వారంలో నిండాయి. ఓడ చుక్కాని, విమానం చుక్కాని మాత్రం ఖాళీగా మిగిలాయి.

తొందర ఎందుకంటే, మెకానిక్ నాన్నగారికి బదిలీ ఉత్తర్వులు వచ్చేశాయి. కొచ్చి వెళ్ళాలి. నల్ల ట్రంకు పెట్టెల మీద పాత ఊరి పేరు చెరిపి కొత్త ఊరి పేరు పెయింట్ చేసేశారు కూడా. ఆ పెయింట్ వాసన మనకు తెలియనిది కాదు. ముగ్గురం కలిసి మొదలుపెట్టిన పలక ఇద్దరితో ముగియకూడదని మా పట్టుదల.

విశాఖ బీచ్ రోడ్డు చూడనివారి కోసం ఒక మాట. సముద్రం వైపు ఇసుక అంచున కురుసుర జలాంతర్గామి ఉంటుంది. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించింది, మరుసటి ఏడాది నుంచి మ్యూజియం. రోడ్డుకు ఇవతల టీయూ-142 విమానం. 2017 దాకా ఎగిరి, ఆ ఏడాది డిసెంబరులో మ్యూజియం అయింది. అంటే ఒకే రోడ్డుకు అటు నీళ్ళలో తిరిగింది, ఇటు గాలిలో తిరిగింది. మధ్యలో మొక్కజొన్న పొత్తుల బళ్ళు. రెండింటికీ చుక్కానులు ఉన్నాయి. ఒక ఆదివారం పొత్తులు తింటూ రెండింటినీ చూసి, ఒకే పేరు రాసేస్తే పోదా అనుకున్నాం.

అందరికన్నా తేలిక దారి ఇంగ్లీషు మాటనే జపాన్ లిపిలో రాయడం. పరాయి మాటలు రాయడానికి వాళ్ళకు కతకన అని విడిగా ఒక లిపి ఉంది. అందులో రడ్డర్ అనే మాట 'రదా' అవుతుంది. నిజంగానే వాడుకలో ఉంది కూడా. కానీ జపనీస్‌లో ర, ల వేరువేరు శబ్దాలు కావు. అందువల్ల నిచ్చెన అని అర్థం వచ్చే ల్యాడర్ కూడా అదే 'రదా'. అక్షరం తేడా లేదు! ఓడలో నిచ్చెనలు బోలెడు, చుక్కాని కూడా ఉంటుంది. 'రదా పాడైంది' అని ఎవరైనా అరిస్తే వడ్రంగిని పిలవాలా, కెప్టెన్‌ను లేపాలా? తెలుగువాళ్ళం ర, ల, ళ మూడింటినీ విడివిడిగా పలుకుతాం కాబట్టి ఈ చిక్కు మనకు వింతగా తోస్తుంది.

ఓడ నిచ్చెనకు జపాన్ వాళ్ళ నోట ఎక్కువగా వినిపించే మాట 'తరప్పు'. అది డచ్చి భాష నుంచి వచ్చింది. 1855లో నాగసాకిలో డచ్చి నావికులు జపాన్ వాళ్ళకు ఆవిరి ఓడల విద్య నేర్పారు. డచ్చివాళ్ళతో ఉన్న ఆ పాత పరిచయానికి గుర్తుగా ఇవాళ విమానం ఎక్కే మెట్లను కూడా తరప్పు అనే అంటున్నారు. మెట్లకు పరాయి మాట తెచ్చుకున్నారు గాని, చుక్కానికి మాత్రం సొంత మాట వదల్లేదు. ఆ మాట 'కజి'.

కజిని రాసే అక్షరం చూడముచ్చటగా ఉంటుంది. ఎడమ సగం పడవ. కుడి సగం పూర్వం పాముకు గీసిన గుర్తు. అది ఇక్కడ శబ్దం కోసం వచ్చిందట. అయినా పడవ వెనక నీళ్ళలో మెలికలు తిరిగే చుక్కాని గుర్తుకు వచ్చి, మేము పామునే పట్టుకున్నాం. ఈ అక్షరాన్ని విడిగా రాస్తే కజి అని చదువుతారు. వేరే అక్షరంతో జతకడితే చాలాసార్లు 'ద' అని చదువుతారు. మనం కన్ను అంటాం గానీ, కన్ను వైద్యుణ్ణి నేత్రవైద్యుడు అంటాం కదా, అలాగన్నమాట. మనకు రెండు మాటలు రెండు రాతలు. వాళ్ళకు రాత ఒకటే, మాటలే రెండు.

ఇంతవరకు నిఘంటువులు చెప్పాయి. అసలు సంగతి చెప్పింది మాత్రం మా పక్క వీధిలో ఉండే ఒక అంకుల్. ఆయన సరుకుల ఓడల్లో చాలా ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. జపాన్ రేవులకు ఎన్నోసార్లు వెళ్ళారు. మేము కజి అన్నామో లేదో ఆయన వెంటనే, "వస్తువు పేరు రాస్తే సరిపోదు బాబూ. చుక్కానిని ఎవరూ పేరు పెట్టి పిలవరు. దానికి ఆజ్ఞ ఇస్తారు. ఆ ఆజ్ఞలు ఏమిటో ముందు నేర్చుకోండి" అన్నారు.

ఆజ్ఞలు ఇవి. ఓడ కుడికి తిరగాలంటే 'ఒమొకజి'. ఎడమకు తిరగాలంటే 'తొరికజి'. ఇక చాలు, ఇదే దారిలో పోనీ అనాలంటే 'యోసొరొ'. పూర్తిగా తిప్పమంటే చివర 'ఇప్పై' చేరుస్తారు, అంటే నిండుగా అని. వాటిని సాగదీసి పాటలాగా పలుకుతారు. గాలి హోరులోనూ యంత్రాల మోతలోనూ మాట కలిసిపోకూడదు మరి. అంకుల్ తన వరండాలో నిలబడి 'తోరికాజీ' అని ఒక్క కేక పెట్టేసరికి ఎదురింటి కుక్క మొరగడం మొదలుపెట్టింది.

ఈ మాటల్లో కుడి, ఎడమ అనే మాటలే లేవు, గమనించారా? జపనీస్‌లో కుడి 'మిగి', ఎడమ 'హిదరి'. అవి ఇక్కడ కనబడవు. రాతలో చూస్తే ఇంకా తికమక. తొరికజి మొదటి అక్షరానికి తీసుకోవడం అని అర్థం. ఒమొకజి మొదటి అక్షరానికి ముఖం అని అర్థం. ముఖానికీ కుడికీ ఏమిటి సంబంధం?

సంబంధం జంతువుల్లో ఉంది. పాతకాలం జపాన్‌లో దిక్కులను పన్నెండు జంతువుల పేర్లతో లెక్కపెట్టేవారు. ఉత్తరం ఎలుక. తూర్పు కుందేలు. దక్షిణం గుర్రం. పడమర కోడి. ఓడ ముక్కును ఎలుక అనుకోండి. అప్పుడు కుడిచేతి వైపు కుందేలు వస్తుంది, ఎడమచేతి వైపు కోడి వస్తుంది. కోడిని దిక్కుల లెక్కలో 'తొరి' అంటారు. కోడివైపు చుక్కాని, తొరికజి. కుందేలును ఆ లెక్కలో 'ఉ' అంటారు. కుందేలువైపు చుక్కాని నోళ్ళలో నలిగి నలిగి ఒమొకజి అయింది. తరువాత ఎప్పుడో శబ్దానికి సరిపోయే వేరే అక్షరాలతో రాయడం అలవాటై, జంతువులు రాతలోంచి మాయమయ్యాయి. ఇప్పటికీ జపాన్ నౌకాదళం ఓడల్లో ఈ ఆజ్ఞలే వినిపిస్తాయి. గంటలు కొట్టినట్టు పనిచేసే ఉక్కు ఓడలో, కనబడని కుందేలూ కోడీ చెరోవైపు కూర్చుని ఉన్నాయన్నమాట.

యోసొరొ కథ ఇంకా బాగుంటుంది. పూర్వం పెద్దల ముందు వినయంగా చెప్పే 'యొరొషూ సోరో' అనే మాట అరిగి అలా అయింది. 'బాగుందండి' అని అర్థం. తుపానులో ఓడ నడిపేవాళ్ళు ఒకరికొకరు బాగుందండి అనుకుంటారంటే మాకు నవ్వు వచ్చింది. అంకుల్ నవ్వలేదు. "ఆ మాట వినబడితే ఎంత ప్రాణం లేచివస్తుందో మీకు తెలియదు" అన్నారు.

మాట వల్ల ఓడ ఎటు తిరుగుతుందనే ప్రశ్న జపాన్ ఒక్కదానిదే కాదు. ఇంగ్లీషు ఓడల్లోనూ ఉండేది. పాతకాలం ఓడల్లో చుక్కానిని తిప్పడానికి పైన ఒక పొడవాటి కర్ర ఉండేది. కర్రను కుడికి తోస్తే కింద చుక్కాని ఎడమకు పోతుంది, ఓడ కూడా ఎడమకు తిరుగుతుంది. ఆజ్ఞ కర్రకు ఇచ్చేవారు. అందుకని 'స్టార్‌బోర్డ్' అంటే, అంటే కుడి అంటే, ఓడ ఎడమకు పోయేది! కర్రలు పోయి చక్రాలు వచ్చాక కూడా ఆ పద్ధతి పోలేదు. 1912 ఏప్రిల్ 14 రాత్రి టైటానిక్ ఎదుట మంచుకొండ కనబడినప్పుడు అధికారి ఇచ్చిన ఆజ్ఞ 'హార్డ్ ఎ స్టార్‌బోర్డ్'. ఓడ ఎడమకు తిరిగింది. అది పొరపాటు కాదు, ఆ రోజుల్లో ఆ ఆజ్ఞకు అదే అర్థం. కానీ సినిమా చూసినవాళ్ళు చాలామంది ఇక్కడ తలగోక్కుంటారు. చివరికి 1933 నుంచి బ్రిటిష్ ఓడల్లో ఈ పద్ధతి మార్చారు. ఏ వైపు అంటే ఓడ ఆ వైపే తిరగాలి. అంతకు ముందే, 1844లో, ఎడమకు 'లార్‌బోర్డ్' అనే పాత మాట తీసేసి 'పోర్ట్' అనే మాటను బ్రిటిష్ నౌకాదళం ఖాయం చేసింది. లార్‌బోర్డ్, స్టార్‌బోర్డ్ రెండూ చెవికి ఒకేలా ఉండడమే కారణం. ఒమొకజి, తొరికజి అంటే ఆ ఇబ్బంది తక్కువ అని మా ముగ్గురి అభిప్రాయం.

చుక్కాని చక్రం దగ్గర నిలబడే మనిషి ఆజ్ఞ వినగానే తిప్పేయడు. మొదట విన్న మాటను పైకి తిరిగి చెబుతాడు. తరువాత తిప్పుతాడు. తిప్పడం పూర్తయ్యాక మళ్ళీ చెబుతాడు. నేవీ ఓడలో పనిచేసే నాన్నగారు ఇంట్లో కూడా అంతే. అమ్మగారు "ఉప్పు, కందిపప్పు, అరడజను అరటిపళ్ళు" అంటే ఆయన "ఉప్పు, కందిపప్పు, అరడజను అరటిపళ్ళు" అని చెప్పాకే చెప్పులు వేసుకుంటారు. ఇన్నాళ్ళూ మేము అది సరదా అనుకున్నాం.

ఓడ గడి నిండింది. కజి అని రాశాం. కింద చిన్న అక్షరాలతో మూడు ఆజ్ఞలూ రాశాం. ఇక విమానం.

టీయూ-142 తోక కింద నిలబడి మెకానిక్ నాన్నగారిని అడిగాం. ఆయన వేలితో చూపించారు. తోక మీద నిలువుగా నిలబడిన పెద్ద రెక్క, దాని వెనక అంచున కదిలే పలక, అదే రడ్డర్. పైలట్ దాన్ని చేత్తో తిప్పడు, కాళ్ళతో తొక్కుతాడు. ఎడమ పెడల్ తొక్కితే విమానం ముక్కు ఎడమకు పోతుంది. "అయితే విమానాన్ని మలుపు తిప్పేది ఇదేనా?" అని అడిగాం. ఆయన తల అడ్డంగా ఊపారు. "మలుపు తిప్పేది రెక్కలు. సైకిల్ మలుపులో ఒంటిని ఎలా వంచుతారు? అలాగే విమానం ఒక రెక్క దించి, ఒక రెక్క ఎత్తి ఒరుగుతుంది. ఒరిగిన వైపుకు తిరుగుతుంది. ఆ సమయంలో ముక్కు పక్కకు జారకుండా చూడడమే దీని పని. ఓడ చుక్కానికీ దీనికీ పేరు ఒకటే గాని ఉద్యోగాలు వేరు."

పేరు ఒకటే, ఉద్యోగాలు వేరు! మా పనంతా ఆ మాట దగ్గర ఆగింది. ఇంగ్లీషు రెండింటికీ రడ్డర్ అంటుంది, తెలుగు రెండింటికీ చుక్కాని అంటుంది. జపాన్ వాళ్ళు ఏం చేశారు?

జపాన్‌లో మొదటిసారి ఇంజన్ ఉన్న విమానం ఎగిరింది 1910 డిసెంబరు 19న, టోక్యోలోని యొయొగి మైదానంలో. నడిపింది తొకుగవ యొషితొషి అనే సైన్యాధికారి. ఆయన ఫ్రాన్సు వెళ్ళి నేర్చుకుని, అక్కడి నుంచే విమానం తెచ్చారు. విమానం వచ్చింది కాబట్టి దాని భాగాలకు పేర్లు కావాలి. అప్పుడు ఓడ మాట పనికొచ్చింది. అలాగని కజిని ఉన్నది ఉన్నట్టు తెచ్చి తోకకు తగిలించలేదు. ముందు ఒక మాట చేర్చారు. నిలువు పలక 'హోకోద', అంటే దిశ చుక్కాని. తోక దగ్గరే అడ్డంగా ఇంకో జత పలకలు ఉంటాయి, విమానం ముక్కును పైకెత్తేవీ కిందికి దించేవీ అవే. వాటిని 'షోకోద' అన్నారు, అంటే ఎక్కడం దిగడం చుక్కాని. రెండింటి చివర 'ద' మన పాము పడవ అక్షరమే. రెక్కల చివర ఒరగడానికి ఉండే పలకలను మాత్రం చుక్కాని అనలేదు. 'హొజొయొకు' అన్నారు, అంటే సాయపడే రెక్క. జలాంతర్గామిలో కూడా ఇదే వరస. మునగడానికీ తేలడానికీ సాయపడే పలకలకు సైతం చివర ఆ 'ద' ఉంటుంది.

ఇంగ్లీషులో ఆ షోకోదను ఎలివేటర్ అంటారు. మాలో ఒకరు చిన్నప్పుడు విమానం తోకలో లిఫ్ట్ ఉంటుందని నమ్మేవారు. ఎవరో చెప్పం. జపాన్ పైలట్లు కూడా ఇంగ్లీషు మాటలు వాడతారు, అప్పుడు వాళ్ళకూ అది 'ఎరెబేతా', మేడలోని లిఫ్టూ ఎరెబేతానే. పుస్తకంలో షోకోద అని చూస్తే మాత్రం ఏ పిల్లవాడూ లిఫ్ట్ అనుకోడు. చుక్కాని అన్న మాట చివరే ఉంది గదా.

విమానం గడి పక్కనే పైలట్ చేతిలో ఉండే దాని గడి ఉంది. ఇంగ్లీషులో దాన్ని యోక్ అంటారు. యోక్ అంటే కాడి, ఎద్దుల మెడ మీద వేసేది. జపనీస్‌లో ఎద్దు కాడికి 'కుబికి' అనే మాట ఉంది. కానీ విమానంలో దాన్ని ఎవరూ కుబికి అనరు. 'సోజూకన్' అంటారు. 'కన్' అంటే కర్ర. 'సో' అంటే చేత పట్టడం. 'జూ' అక్షరానికి ఇక్కడ వదలడం అనే పాత అర్థం ఉంది. పట్టీ వదిలీ నడిపే కర్ర! నడపడం అంటే గట్టిగా పట్టుకోవడం మాత్రమే అనుకుంటాం. పట్టు ఎక్కడ సడలించాలో కూడా ఆ మాటలోనే ఉంది. ఇది మాకు అన్నిటికన్నా నచ్చిన మాట. ఇక కారులో స్టీరింగును వాళ్ళు 'హందొరు' అంటారని తెలిసి ఆశ్చర్యపోయాం. అది ఇంగ్లీషు హ్యాండిల్. మనం సైకిల్‌కు వాడే మాటను వాళ్ళు సైకిల్‌కూ కారుకూ కూడా వాడేస్తారు.

కాడి మాట వచ్చింది కాబట్టి పోస్టల్ అమ్మగారి నాన్నగారి దగ్గరికి వెళ్ళాం. తాతగారిది శ్రీకాకుళం వైపు పల్లె. అప్పుడు విశాఖ వచ్చి ఉన్నారు. కుందేలు, కోడి కథంతా చెప్పాం. ఆయనకు ఏమాత్రం ఆశ్చర్యం కలగలేదు.

"ఏటమ్మా, మనకి లేదేటి అలాంటిది? కాడికి ఎడంపక్క కట్టేది దాపటెద్దు. కుడిపక్కది ఎలపటెద్దు. నువ్వు బండికి ఎదురుగా వచ్చి నిలబడితే నీ కుడిసేతి వేపు దాపటెద్దు ఉంటాది. అప్పుడు కుడి అంటే ఎవరి కుడి? నీదా, ఎద్దుదా? అందుకే ఆ మాటలు పెట్టినారు. దాపట అంటే బండిది. నువ్వెక్కడ నిలబడినా అది మారదు."

మేము ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. పోర్ట్, స్టార్‌బోర్డ్ అనే మాటలు ఓడలో ఎందుకున్నాయో ఇంగ్లీషు పుస్తకంలో రెండు పేజీలు చదివి తెలుసుకున్న సంగతి అది. వలపట, దాపట అనే మాటలు మా ముగ్గురి ఇళ్ళలో ఏదో ఒక తరంలో ఉండే ఉంటాయి. పలకలో ఓడ కుడి వైపు, ఎడమ వైపు గడులకు తెలుగులో ఏం రాయాలా అని అంతకు ముందు వెతుక్కున్నాం. ఇప్పుడు ధైర్యంగా వలపట, దాపట అని రాశాం. ఎద్దుల మాటను ఓడకు వాడవచ్చా అని తెలుగు మేడమ్ అడిగారు. కుందేలును వాడినప్పుడు ఎద్దును వాడకూడదా మేడమ్ అన్నాం. ఆవిడ నవ్వి సంతకం పెట్టారు.

జపనీస్ మాటల పలుకుబడిని తెలుగు లిపిలో రాయడం మరో తృప్తి. వాళ్ళకు ఒ, ఓ తేడా చాలా ముఖ్యం. 'తొరు' అంటే తీసుకోవడం, 'తోరు' అంటే దాటిపోవడం. హిందీ లిపిలో రాసేటప్పుడు పొట్టి ఒ దొరకలేదు, రెండూ ఒకేలా వచ్చాయి. తెలుగులో ఒ ఉంది, ఓ ఉంది. ఒమొకజి అని రాస్తే ఒమొకజి అనే చదువుతాం. మనకు ఉన్న అక్షరాల విలువ ఇలా పరాయి మాట రాసినప్పుడే బాగా తెలిసింది.

హిందీ గడిలో పత్‌వార్ రాశాం. ఈలోగా సంస్కృతం సర్ వచ్చి ఇంకో మాట చెప్పారు. సంస్కృతంలో కర్ణం అంటే చెవే కాదు, చుక్కాని కూడా. కర్ణధారుడు అంటే చుక్కాని పట్టినవాడు. పత్రికల్లో నాయకులను కర్ణధారులు అని రాస్తుంటే ఇన్నాళ్ళూ చెవులతో ఏం పని అనుకున్నాం. మరి చుక్కాని? అది అరబ్బుల 'సుక్కాన్'. సముద్రం మీద వర్తకానికి వచ్చినవాళ్ళ మాట మన రేవుల్లో దిగి మనదైపోయింది. పాతకాలం ఇంగ్లీషు ఓడల్లో పనిచేసిన మనవాళ్ళలో చుక్కాని పట్టేవాణ్ణి సుకానీ అనే పిలిచేవారు. అంటే జపాన్ వాళ్ళు సొంత మాట ఉంచుకుని మెట్లకు డచ్చి మాట తెచ్చుకుంటే, మనం నిచ్చెన ఉంచుకుని చుక్కానికి అరబ్బు మాట తెచ్చుకున్నాం. సంస్కృతం సర్ కర్ణం రాయమన్నారు. జాలరిపేటలో పడవ మనిషిని అడిగితే ఏ మాట అంటాడో ఆ మాటే రాయాలని మేము వాదించి చుక్కాని ఉంచాం.

పలక పూర్తయిన మూడో రోజున లారీ వచ్చింది. ట్రంకు పెట్టెలు ఎక్కించారు. టీసీ చేతికొచ్చింది. మాలో ఒకరు కొచ్చి రైలు ఎక్కారు. ఆ తరువాతి వారం పలక జపాన్‌కు వెళ్ళింది.

రెండు నెలలకు జవాబు వచ్చింది. కుందేలు సంగతి వాళ్ళలో చాలామందికి తెలియదట, ఇంట్లో పెద్దవాళ్ళను అడిగారట. ఒక ప్రశ్న కూడా పంపారు. షోకోద గడిలో తెలుగు పేరు ఎదురుగా ఎలివేటర్ అనే ఉంది, తెలుగులో దానికి మాట లేదా అని. ఆ రాత్రి ఫోన్లో ముగ్గురం కూర్చున్నాం. ఎత్తుదించు చుక్కాని అన్నాం. ఎగుడుదిగుడు అన్నాం, అది రోడ్డుకు వాడే మాట అని కొట్టేశాం. పక్కనుంచి మెకానిక్ నాన్నగారు విని, "ఆకాశంలో ఉండగా అంత పొడుగు మాట ఎవరు పలుకుతారర్రా, రెండు ముక్కల్లో చెప్పండి" అన్నారు. ఎత్తుచుక్కాని దగ్గర ప్రస్తుతానికి ఆగాం. ఇంతకన్నా మంచి మాట మీకు తోస్తే మాకు రాయండి, వాళ్ళకు పంపుతాం.

ఫోన్ పెట్టేసే ముందు కొచ్చి నుంచి మా స్నేహితురాలు ఇంకో కబురు చెప్పింది. కొత్త బడిలో మొదటి వారం ఒక్క మాట అర్థం కాలేదట. మలయాళం తెలిసినవాళ్ళ మధ్య మౌనంగా కూర్చుందట. ఒకరోజు పక్క అమ్మాయి వార్తాపత్రిక చదువుతుంటే అందులో ఒక మాట చెవిన పడింది. చటుక్కున తల తిప్పి, ఆ మాటకు అర్థం రడ్డరేనా అని అడిగింది. ఆ అమ్మాయి అవునంది. మలయాళంలో కూడా దాన్ని చుక్కాన్ అనే అంటారు.